సైనస్ ఆపరేషన్‌కి ఒప్పుకునే ముందు తేల్చుకోవాల్సినవి

మీరు అడిగింది ఇది: మీవారికి నలభై దాటాయి, గుంటూరు మిర్చి యార్డులో పని. రెండేళ్ళుగా రెండు మూడు నెలలకోసారి ముక్కు దిబ్బడ, పచ్చటి చీమిడి, నుదుటి నొప్పి. వచ్చిన ప్రతిసారీ మందుల షాపులో అజిత్రోమైసిన్ మూడు మాత్రలు, దానితోపాటు మాంటెలుకాస్ట్-లెవోసెట్రిజిన్. ఎక్స్‌రేలో చెంప సైనస్ మసగ్గా ఉందని, ముక్కు దూలం వంకరగా ఉందని రాశారు. ఒక డాక్టరుగారు ఆపరేషన్ చేయించమన్నారు, చుట్టాలేమో చేయించినా మళ్ళీ వస్తుందంటున్నారు. చేయించాలా, వద్దా?

ఇప్పుడున్న వివరాలతో ఆ ప్రశ్నకు జవాబు చెప్పకూడదు. ఆయనకున్నది దీర్ఘకాలిక సైనసైటిసో కాదో ఇంతవరకూ ఎవరూ ముక్కు లోపల చూడలేదు. సరైన మందు సరైన పద్ధతిలో మూడు నెలలు వాడి చూడనూ లేదు. ఈ రెండూ జరగకుండా ఆపరేషన్ మాట ఎత్తడం తొందరపాటే. అలాగని ఆపరేషనే దండగ అనడమూ తప్పు. అవసరమైనవాళ్ళకి అది చాలా బాగా పనిచేస్తుంది.

ముందు లోపల జరిగేది కాస్త చూద్దాం, తర్వాత చెప్పేవన్నీ దీని మీదే ఆధారపడతాయి. ముఖం ఎముకల్లో నాలుగు జతల గాలి గదులుంటాయి, వాటినే సైనస్‌లంటారు: చెంపల్లో, నుదుట్లో, రెండు కళ్ళ నడుమ చిన్న చిన్న అరలుగా, ముక్కు వెనక పుర్రె అడుగున. లోపలి పొర రోజంతా పల్చటి జిగురు తయారుచేస్తుంది. సీలియా అనే అతి సన్నని కేశాలు ఆ జిగురును ముక్కులోకి తెరుచుకునే ద్వారం వైపు తోస్తుంటాయి. చెంప సైనస్ ద్వారం గది అడుగున కాకుండా పైభాగాన ఉంటుంది. అందుకే జిగురు దానంతటది కారిపోదు, కేశాలే పైకి మోసుకెళ్ళాలి. ఆ దారి వెడల్పు కొన్ని మిల్లీమీటర్లే. జలుబు వల్లో అలర్జీ వల్లో దుమ్ము వల్లో అక్కడ పొర వాచిందంటే దారి మూసుకుపోతుంది, లోపల జిగురు నిలవుంటుంది, దాంట్లో బాక్టీరియా పెరుగుతుంది. వైద్యమంతా ఆ దారి దగ్గరి వాపు తగ్గించడానికే. బాక్టీరియాని చంపడం చాలామందిలో రెండో విషయం, కొందరిలో అసలు అక్కర్లేని విషయం.

కొత్తగా వచ్చినప్పుడు రోజులు లెక్కపెట్టండి

జలుబు మొదలైన రోజుని ఒకటో రోజు అని క్యాలెండర్ మీద రాసుకోండి. వైరస్ జలుబు మూడు నుంచి ఐదో రోజు మధ్య బాగా ముదిరి, తర్వాత మెల్లగా తగ్గుముఖం పడుతుంది. పదో రోజుకి పూర్తిగా పోకపోయినా ముందుకంటే నయంగా ఉంటుంది. ఈ మధ్యలో చీమిడి పచ్చగా మారడం మామూలే. ఆ రంగు తెల్లరక్తకణాల్లో ఉండే ఒక ఎంజైమ్‌ది, బాక్టీరియా చేరిందనడానికి రుజువు కాదు. పొద్దున లేవగానే వచ్చేది రాత్రంతా నిలవున్నది కాబట్టి ఇంకా చిక్కగా, ముదురు రంగులో ఉంటుంది. రంగు చూసి యాంటీబయాటిక్ మొదలుపెట్టడమే మన దగ్గర జరిగే అతి పెద్ద పొరపాటు.

బాక్టీరియా సోకిందని అనుమానించాల్సిన సందర్భాలు మూడు. పది రోజులు గడిచినా ఏమాత్రం తగ్గకపోవడం. ఐదారు రోజులకు తగ్గినట్టే తగ్గి మళ్ళీ జ్వరం, నొప్పి, చీమిడి ఎక్కువవడం. మొదటి రోజు నుంచే 102 డిగ్రీల జ్వరం, చీములాంటి స్రావం, ముఖం నొప్పి మూడు నాలుగు రోజులు వదలకపోవడం. వీటిలో రెండోది నమ్మదగిన గుర్తు, దాన్ని జాగ్రత్తగా గమనించండి. పెద్దవాళ్ళలో వైరస్ జలుబుల్లో నూటికి రెండు కూడా బాక్టీరియా దాకా వెళ్ళవు.

మందు వాడాల్సి వస్తే పెద్దవాళ్ళకు మొదటి ఎంపిక అమాక్సిసిలిన్-క్లావులనేట్: 625 మిల్లీగ్రాముల మాత్ర రోజుకి మూడుసార్లు, లేదా ఒక గ్రాము మాత్ర రెండుసార్లు, అన్నం మొదలుపెట్టేటప్పుడు, 5 నుంచి 7 రోజులు. పెన్సిలిన్ పడనివాళ్ళకు డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకి రెండుసార్లు. గర్భిణులకూ చిన్నపిల్లలకూ ఇది వద్దు. కిడ్నీ, లివర్ సమస్యలున్నవాళ్ళకి మోతాదు మారుతుంది కాబట్టి చీటీ మీద తీసుకోవాలే తప్ప షాపులో అడిగి కాదు. మూడు రోజులకు కూడా గుణం కనపడకపోతే మందు మార్చడం కంటే ముందు రోగనిర్ధారణని మళ్ళీ చూడాలి.

అజిత్రోమైసిన్ ఎందుకు కాదంటే, సైనస్‌లో ఎక్కువగా దొరికే న్యూమోకాకస్ బాక్టీరియా ఆ మందుకి చాలావరకు లొంగడం మానేసింది. మూడు మాత్రలతో తగ్గిందని మీకు అనిపించినప్పుడు నిజానికి అప్పటికి వైరస్ జలుబు దానంతటదే తగ్గే రోజులు వచ్చి ఉంటాయి. లెవోఫ్లాక్సాసిన్ అనే మరో యాంటీబయాటిక్ విషయంలో ఇంకో చిక్కుంది. స్నాయువులు, నరాలు దెబ్బతినే ప్రమాదం వల్ల మామూలు సైనసైటిస్‌కి వేరే దారి ఉన్నప్పుడు దీన్ని వాడొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో హెచ్చరించింది. క్షయ ఇంతగా ఉన్న మన దేశంలో అదనపు నష్టం ఏమిటంటే, ఈ మందు క్షయ మీద కొంత పనిచేసి జబ్బుని తాత్కాలికంగా కప్పిపుచ్చుతుంది, నిర్ధారణ ఆలస్యమవుతుంది.

నిజంగా బాక్టీరియా ఉన్నవాళ్ళలో కూడా చాలామంది యాంటీబయాటిక్ లేకుండానే రెండు వారాల్లో కోలుకుంటారు. తేడా చూస్తే, నూటికి ఐదారుగురు మందు వల్ల ముందుగా బాగుపడతారు, పదిమందికి పైగా విరేచనాలతోనో దద్దుర్లతోనో ఇబ్బంది పడతారు. అందుకే షుగరూ రోగనిరోధక లోపాలూ లేని మనిషి, తీవ్రమైన జ్వరం లేకపోతే, డాక్టరు సలహాతో ఇంకో వారం ఆగి చూడటం తప్పేమీ కాదు.

ఆ రోజుల్లో ఉపశమనానికి పారాసెటమాల్ 500 లేక 650, ఉప్పునీళ్ళతో ముక్కు కడగడం, స్టెరాయిడ్ స్ప్రే చాలు. దిబ్బడ భరించలేకపోతే జైలోమెటాజొలిన్ 0.1 శాతం చుక్కలు, అంటే ఓట్రివిన్ లాంటివి, పెద్దలకి రోజుకి రెండు మూడుసార్లు, గరిష్ఠంగా ఐదు రోజులు. ఆ గడువు దాటితే మందు దిగిన ప్రతిసారీ ముక్కు ముందుకంటే ఎక్కువ బిగుసుకుంటుంది, మళ్ళీ వేస్తే తప్ప ఊపిరాడదు. ఏళ్ళ తరబడి దిండు కింద సీసా పెట్టుకుని పడుకునేవాళ్ళు అసలు జబ్బు పోయినా ఈ వలయంలోంచి బయటికి రాలేకపోతుంటారు. దానికి విరుగుడు ఒక ముక్కు రంధ్రంలో చుక్కలు ఆపి, రెండు వైపులా స్టెరాయిడ్ స్ప్రే నడిపి, రెండు వారాల తర్వాత రెండో రంధ్రంలోనూ ఆపడం. మొదటి వారం కష్టంగా ఉంటుంది.

జలుబు మాత్రల్లో ఎక్కువవాటిలో ఫినైలెఫ్రిన్ ఉంటుంది. నోటి ద్వారా మింగితే అది ముక్కు దిబ్బడ మీద పనిచేయదని 2023 సెప్టెంబరులో ఎఫ్‌డీఏ సలహా సంఘం ఏకగ్రీవంగా తేల్చింది. ఆ మాత్రల్లో మిగిలిన క్లోర్‌ఫెనిరమిన్ నిద్రమత్తు తెప్పించి, జిగురును మరింత గట్టిపరుస్తుంది. సెట్రిజిన్ జాతి మందులు తుమ్ములు, దురద, నీళ్ళలా కారడం ఉన్న అలర్జీ వాళ్ళకే. మాంటెలుకాస్ట్ అయితే ఊరికే నెలల తరబడి మింగేది కాదు. పీడకలలు, చిరాకు, దిగులు లాంటి మానసిక మార్పులు రావొచ్చని 2020లో దాని మీద గట్టి హెచ్చరిక చేర్చారు.

ఆవిరి పట్టడం హాయినిస్తుంది, జబ్బు కాలాన్ని తగ్గించదు. హాయి కోసం పట్టుకోవచ్చు గానీ మరుగుతున్న గిన్నె ముందు చిన్నపిల్లల్ని కూర్చోబెట్టకండి, కాలిన గాయాలతో ఆసుపత్రులకి వస్తుంటారు. పిల్లలకి ముక్కులో కర్పూరం నూనె అసలు వద్దు, మూర్ఛ వచ్చే ప్రమాదం ఉంది. శొంఠి పట్టు వేస్తే చర్మం మండి నొప్పి మరిచిపోవడం తప్ప సైనస్‌కి ఒరిగేదేమీ లేదు. పెరుగు, అరటిపండు మానిపించాల్సిన పనీ లేదు.

నుదుటి నొప్పి సైనస్‌దేనా?

మీ ప్రశ్నలో నాకు ఎక్కువ అనుమానం కలిగించింది నుదుటి నొప్పే. తమకు సైనస్ తలనొప్పి అని గట్టిగా నమ్మే సుమారు మూడు వేలమందిని అమెరికాలో పరీక్షించి 2004లో ఫలితాలు ప్రచురించారు. వాళ్ళలో 88 శాతం మందికి ఉన్నవి మైగ్రేన్ లక్షణాలు. మైగ్రేన్‌లో కూడా ముక్కు దిబ్బడేస్తుంది, కళ్ళల్లోంచి, ముక్కులోంచి నీళ్ళు కారతాయి, కళ్ళ చుట్టూ బరువుగా ఉంటుంది, ఎందుకంటే ముఖానికీ ముక్కుకీ వెళ్ళే నరం ఒకటే. నాలుగు గంటల నుంచి మూడు రోజుల దాకా ఉండి పూర్తిగా పోయే నొప్పి, వెలుతురు పడకపోవడం, వాంతి వచ్చినట్టు ఉండటం, చీకటి గదిలో పడుకుంటే తగ్గడం, ఎండకో నిద్ర తక్కువైనందుకో ఉపవాసానికో రావడం కనపడితే ముందు ఆ దిశగా చూడాలి. దీర్ఘకాలిక సైనసైటిస్‌లో సాధారణంగా ఉండేది మందంగా, బరువుగా ఉండే ఒత్తిడి. తల పగిలిపోయే నొప్పి అరుదు. ముక్కు వెనక సైనస్ మూసుకున్నప్పుడు మాత్రం నడినెత్తిలో, కళ్ళ వెనక గట్టి నొప్పి రావొచ్చు.

ఒక నెల రోజులు ఆయన చేత చిన్న పట్టీ రాయించండి: నొప్పి మొదలైన గంట, తగ్గిన గంట, ఆ రోజు చీమిడి రంగు, వాసన తెలుస్తోందా లేదా. చీమిడి, వాసన రెండూ మామూలుగా ఉన్న రోజుల్లో కూడా నొప్పి వస్తుంటే అది సైనస్‌ది కావడం కష్టం. అలాంటి మనిషికి ఎంత బాగా ఆపరేషన్ చేసినా నొప్పి తగ్గదు. చేయించినా మళ్ళీ వచ్చిందనే కథల్లో చాలా భాగం ఇవే.

ఎక్స్‌రేకి అంత విలువ ఇవ్వకండి. మామూలు జలుబులో ఉన్న 31 మందికి సీటీ తీసిన ఒక అధ్యయనం 1994లో వచ్చింది. వాళ్ళలో 87 శాతం మందికి చెంప సైనస్‌లో తేడాలు కనపడ్డాయి, యాంటీబయాటిక్ లేకుండానే రెండు వారాల్లో చాలామందికి సర్దుకున్నాయి. జలుబులో సీటీయే అలా ఉంటే, దానికంటే ఎంతో మొరటుదైన ఎక్స్‌రేలో మసక కనిపించడంలో వింతేముంది? ఇక ముక్కు దూలం పెద్దవాళ్ళలో చాలామందికి ఎంతో కొంత వంకరే. ఒకవైపు ముక్కు ఎప్పుడూ మూసుకుపోయి ఉంటేనో, సైనస్ దారికి అడ్డుగా ఉంటేనో తప్ప రిపోర్టులో ఉందని దాన్ని సరిచేయించక్కర్లేదు.

దీర్ఘకాలిక సైనసైటిస్ అని ఎలా తేలుస్తారు

పన్నెండు వారాలకు పైగా రెండు లక్షణాలైనా ఉండాలి, వాటిలో ఒకటి ముక్కు దిబ్బడో చీమిడో కావాలి. ముందుకు కారినా, గొంతులోకి దిగినా చీమిడి కిందే లెక్క. తోడుగా ముఖంలో బరువో వాసన తగ్గడమో ఉండొచ్చు. దానిపైన ఎండోస్కోపీలోనో సీటీలోనో వాపు కంటికి కనపడాలి. లక్షణాలు మాత్రమే ఉంటే నిర్ధారణ సగమే అయినట్టు.

ఇక్కడ మీవారి కథలో తేల్చాల్సిన విషయం: ఆ రెండు మూడు నెలల మధ్య ఆయనకి పూర్తిగా బాగుంటుందా, లేక కాస్త దిబ్బడ, కాస్త గళ్ళ ఎప్పుడూ ఉండి మధ్యలో ముదురుతుందా? మధ్యలో ఏమీ లేకుండా ఏడాదికి నాలుగైదుసార్లు వస్తుంటే మళ్ళీ మళ్ళీ వచ్చే కొత్త ఇన్‌ఫెక్షన్లు, లేదా ఉత్త జలుబులు. ఎప్పుడూ ఉంటే దీర్ఘకాలికం. తుమ్ములు, కళ్ళ దురద, తోట దగ్గరికి వెళ్ళగానే రావడం ఉంటే అలర్జీ. మన పొలంగట్ల మీద, ఖాళీ స్థలాల్లో పెరిగే వయ్యారిభామ పుప్పొడి దీనికి పేరుపడ్డది. మిర్చి ఘాటు చాలామందిలో అలర్జీ కాకుండా నేరుగా పొరని మండించే దుమ్ము, దానికి అలర్జీ మాత్ర పనిచేయదు. ఈ తేడా డాక్టరు ముందు మీరే చెప్పాలి, ఓపీలో ఐదు నిమిషాల్లో వాళ్ళు అడగకపోవచ్చు.

ఎండోస్కోపీ అంటే భయపడే పని లేదు. లిగ్నోకైన్, జైలోమెటాజొలిన్‌లో తడిపిన దూది ముక్కులో పది నిమిషాలు పెడతారు. ముక్కు తిమ్మిరెక్కి, పొర ముడుచుకుని దారి ఇస్తుంది. నాలుగు మిల్లీమీటర్ల గొట్టంతో మధ్య శంఖాస్థి (ముక్కు పక్కగోడ నుంచి పొడుచుకొచ్చే మడత) కింద సందులో చూస్తారు. సైనస్‌ల దారులు ఎక్కువగా అక్కడే తెరుచుకుంటాయి. అక్కడి నుంచి చీము జారుతుంటే అది సైనసైటిసే. పాలిప్ (వాచిన పొర నుంచి పెరిగే మెత్తటి కండ) ఉంటే తొక్క తీసిన ద్రాక్షపండులా పాలిపోయి, మెరుస్తూ వేలాడుతుంది, తాకినా నొప్పి ఉండదు. ముక్కులో కండ పెరిగిందన్నప్పుడు అది పాలిపా, లేక అందరికీ ఉండే శంఖాస్థి వాచిందా అని అడిగి తెలుసుకోండి. శంఖాస్థి గులాబీ రంగులో ఉంటుంది, తాకితే నొప్పి పుడుతుంది. రెండింటి వైద్యం వేరు, తర్వాత ఎలా ఉంటుందన్నదీ వేరు.

సీటీ ఎప్పుడు తీయించాలన్నది చాలామంది తప్పుతారు. జలుబులో కాదు, మందులు ఎనిమిది నుంచి పన్నెండు వారాలు వాడాక, ఉన్నంతలో బాగున్న రోజు. అప్పటికీ మిగిలి ఉన్నదే అసలు జబ్బు. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ అక్కర్లేదు. పై పళ్ళ వేళ్ళు కూడా ఫిల్మ్‌లో పడాలని చెప్పండి, సీడీ కూడా తీసుకోండి. ప్రతి సైనస్‌కీ మార్కులు వేసి మొత్తం 24కి లెక్కగట్టే లండ్-మెకే స్కోరు ఉంటుంది. రెండు మూడు మార్కులు మామూలు మనుషుల్లో కూడా వస్తాయి. రక్తపరీక్షల్లో అలర్జీలో పెరిగే ఇయోసినోఫిల్ కణాల సంఖ్య, మొత్తం ఐజీఈ, మూడు నెలల షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ చూస్తే చాలు. కడుపులో నులిపురుగులున్నా మొదటి రెండూ పెరుగుతాయని గుర్తుంచుకోవాలి.

మూడు నెలల మందు, పద్ధతిగా

మొదటిది ఉప్పునీళ్ళు. పావు లీటరు నీళ్ళకి రెండుంబావు గ్రాముల ఉప్పు, అంటే టీ స్పూన్‌లో పావుకి ఎక్కువ, అరకి తక్కువ. రెండు చిటికెల వంటసోడా కలిపితే మంట తగ్గుతుంది. అయోడిన్ కలపని ఉప్పు దొరికితే మేలు, తూకం కుదరకపోతే మందుల షాపుల్లో దొరికే పొట్లాలు వాడండి. మండుతోందంటే ఎక్కువసార్లు కారణం ఉప్పు తక్కువవడమే, ఉత్త నీళ్ళు ముక్కుని కోసేసినట్టు ఉంటాయి.

నీళ్ళ విషయంలో రాజీ వద్దు. కొళాయి నీళ్ళు, బోరు నీళ్ళు, ఆర్వో నీళ్ళు, ఇరవై లీటర్ల టిన్ను నీళ్ళు ఏవైనా సరే తెర్లేలా ఒక నిమిషం మరిగించి, మూతపెట్టి గోరువెచ్చగా చల్లార్చాలి, అదే రోజు వాడెయ్యాలి. తాగడానికి పనికొచ్చే నీళ్ళు ముక్కుకి పనికొస్తాయని కాదు. కడుపులోకి వెళితే హాని చేయని నైగ్లీరియా అనే అమీబా ముక్కు పైభాగం నుంచి మెదడుకి పాకుతుంది. 2011లో అమెరికాలోని లూసియానాలో కొళాయి నీళ్ళతో జలనేతి చేసిన ఇద్దరు ఇలాగే చనిపోయారు. అరుదే, కానీ ఒక్క నిమిషం మరిగిస్తే పోయే ప్రమాదం అది.

సింక్ మీదికి వంగి, తల కొంచెం పక్కకి తిప్పి, నోటితో ఊపిరి పీలుస్తూ, పిండే సీసాతో పై రంధ్రంలోకి 100 నుంచి 120 మిల్లీలీటర్లు మెల్లగా పంపండి. చిన్న స్ప్రేలు ఇంత లోతుకి వెళ్ళవు. గట్టిగా నొక్కితే చెవులు దిబ్బడేస్తాయి. అయ్యాక నేలవైపు వంగి తల అటూ ఇటూ తిప్పితే మిగిలిన నీళ్ళు జారతాయి, లేకపోతే గంట తర్వాత చెప్పులేసుకోవడానికి వంగినప్పుడు దబ్బున కారతాయి. ముక్కు మూసి బలంగా చీదొద్దు. సీసా రోజూ సబ్బుతో కడిగి బోర్లించి ఆరబెట్టాలి, మూడు నెలలకోసారి కొత్తది కొనాలి. మీవారు యార్డు నుంచి రాగానే ఒకసారి, పొద్దున ఒకసారి చేస్తే సరి.

పావుగంట ఆగి స్టెరాయిడ్ స్ప్రే. మోమెటసోన్ లేదా ఫ్లూటికసోన్, ఒక్కో వైపు రెండు కొట్టుళ్ళు, రోజుకి ఒకసారి. తల వెనక్కి వాల్చకండి, కాస్త ముందుకి వంచండి. ఎడమ రంధ్రానికి కుడి చెయ్యి, కుడి రంధ్రానికి ఎడమ చెయ్యి వాడితే మొన దానంతటదే ముక్కు దూలానికి దూరంగా, అదే వైపు కంటి బయటి మూల వైపు తిరుగుతుంది. కొట్టేటప్పుడు గట్టిగా పీల్చొద్దు. పీలిస్తే మందు గొంతులో చేదుగా దిగుతుంది, అలా దిగిందంటే ముక్కుకి అందలేదన్నమాటే. రక్తపు చారలు కనపడితే స్ప్రే దూలానికి తగులుతోందని గుర్తు, రెండు రోజులు ఆపి దిశ మార్చండి. ఇది అలవాటయ్యే మందు కాదు, రక్తంలో కలిసేది అతి తక్కువ. గ్లాకోమా (నీటికాసులు) ఉన్నవాళ్ళు మాత్రం కంటి డాక్టరుకి చెప్పి వాడాలి. పూర్తి ఫలితానికి ఎనిమిది వారాలైనా పడుతుంది. పది రోజులు వాడి పనిచేయలేదని మానేసినవాళ్ళే ఎక్కువ.

పాలిప్స్ ఉన్నవాళ్ళకి స్ప్రే చాలకపోతే, ఆస్తమాకి వాడే బ్యుడెసొనైడ్ రెస్ప్యూల్ 0.5 మిల్లీగ్రాములది కడిగే నీళ్ళలో కలిపి వాడమంటారు. ప్రెడ్నిసొలోన్ మాత్రలు ఒకటి రెండు వారాలు ఇస్తే వాసన తిరిగొచ్చి అద్భుతంగా అనిపిస్తుంది, ఆపిన కొన్ని వారాలకి మళ్ళీ మొదటికొస్తుంది. ఏడాదికి ఒకటి రెండుసార్లు మించకూడదు, షుగర్ ఉంటే ఇంకా జాగ్రత్త. పాలిప్స్, ఆస్తమా రెండూ ఉన్నవాళ్ళలో కొందరికి ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ వేసుకున్న గంటా రెండు గంటల్లో ప్రాణం మీదికొచ్చే ఆయాసం వస్తుంది. తలనొప్పికి అలాంటివాళ్ళు షాపులో నొప్పి మాత్ర అడిగి వేసుకోకూడదు. ఆపరేషన్ తర్వాత కూడా పదే పదే పెరిగే పాలిప్స్‌కి డూపిలుమాబ్ లాంటి ఇంజెక్షన్లు వచ్చాయి. బాగా పనిచేస్తాయి, ఖరీదు మాత్రం మామూలు కుటుంబాలకు అందేది కాదు.

ఒక్క వైపే ఉంటే దారి వేరు

పైన చెప్పినదంతా రెండు వైపులా ఉన్నవాళ్ళకి. ఒక్క వైపే చీమిడి, అదీ దుర్వాసనతో ఉంటే ముందు పై దవడ పళ్ళు చూపించాలి. పుచ్చిన పన్ను వేరు చెంప సైనస్ అడుగుని తాకుతూ ఉంటుంది. పన్ను బాగుచేయకుండా ఎన్ని యాంటీబయాటిక్‌లు వాడినా తగ్గదు. ఒక్క సైనస్‌లోనే ముద్దలా పేరుకునే ఫంగస్ ఉండలు, కణుతులు కూడా ఒకవైపే ఉంటాయి. నెత్తురు చారలు, ఒకవైపు పూర్తి దిబ్బడ, చెంప తిమ్మిరి ఉంటే మూడు నెలలు ఆగకూడదు, వెంటనే ఎండోస్కోపీ, సీటీ కావాలి. చిన్నపిల్లల్లో ఒకవైపు కంపు చీమిడి అంటే చింతపిక్కో పూసో లోపల ఉందని అనుకోవాలి. బటన్ బ్యాటరీ అయితే గంటల్లో తీయించాలి. వంగగానే ఒక్క రంధ్రంలోంచి నీళ్ళలా ధారగా, ఉప్పగా కారితే అది మెదడు చుట్టూ ఉండే ద్రవం కావొచ్చు, దాన్ని పట్టించి బీటా-2 ట్రాన్స్‌ఫెరిన్ పరీక్ష చేయిస్తారు.

షుగర్ అదుపులో లేనివాళ్ళ సంగతి వేరు. 2021లో కోవిడ్ రెండో అల తర్వాత బ్లాక్ ఫంగస్ రోగులతో హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రి నిండిపోయింది మీకు గుర్తుండే ఉంటుంది. ఆ జబ్బు కోవిడ్‌తో రాలేదు, కోవిడ్‌తో పోలేదు, షుగర్ ఉన్నచోట ఎప్పుడూ ఉంది. చెంప మొద్దుబారడం, పై పళ్ళు కదలడం, అంగిట్లో నల్లటి మచ్చ, కన్ను వాచి రెండుగా కనపడటం దాని గుర్తులు. దానికి రోజుల లెక్క లేదు, అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్ళాలి. కనురెప్ప వాపు, చూపు మసకబారడం, నుదుటి మీద మెత్తటి బొప్పి, మెడ బిగుసుకోవడం, మత్తుగా మాట్లాడటం ఎవరిలో కనపడినా అంతే. పిల్లల్లో కళ్ళ నడుమ సైనస్‌కీ కంటికీ మధ్య ఉన్న ఎముక కాగితంలా పల్చన కాబట్టి కనురెప్ప వాపుని తేలిగ్గా తీసుకోవద్దు.

ఆపరేషన్ ఎవరికి

మూడు నెలలు పద్ధతిగా మందు వాడాక కూడా బాధ మిగిలి, ఆ తర్వాత తీసిన సీటీలో జబ్బు కనపడినవాళ్ళకి. మొదటి నుంచే అవసరమయ్యేవి ఫంగస్ ఉండలు, అలర్జీ ఫంగస్ సైనసైటిస్, కణుతులు, కంటికో మెదడుకో పాకిన ఇన్‌ఫెక్షన్. ఇప్పుడు చేసేది ఎండోస్కోపీ ద్వారా, ముఖం మీద కోత ఉండదు, ఒకటి రెండు రోజుల్లో ఇంటికి పంపుతారు. కంటికీ మెదడుకీ ఆనుకుని చేసే పని కాబట్టి కంటి గూట్లో రక్తస్రావం, మెదడు ద్రవం కారడం లాంటి ప్రమాదాలు ఉన్నాయి, అనుభవమున్న చేతుల్లో అవి నూటికి ఒకటి లోపే.

డాక్టరుగారు చేయమంటున్నది దూలం సరిచేయడమా, సైనస్ దారులు తెరవడమా, రెండూనా అని అడగండి. సీటీలో ఏ సైనస్ ఎందుకు తెరుస్తున్నారో చూపించమనండి. చూపించడానికి ఇష్టపడని చోట చేయించకండి.

దారి తెరిస్తే జబ్బు స్వభావం మారదు. మందు, నీళ్ళు లోపలి దాకా చేరతాయి, అదే అసలు లాభం. అందుకే ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు రోజుల్లోనే కడగడం మొదలుపెట్టి, మొదటి నెలలో రెండు మూడుసార్లు డాక్టరు దగ్గర పెచ్చులు తీయించుకుని, స్ప్రే కొనసాగించాలి. పాలిప్స్ ఉన్నవాళ్ళయితే ఏళ్ళ తరబడి. ఇవి మానేస్తే, పొగ తాగడం మానకపోతే, మచ్చలు కట్టి తెరిచిన దారులు మళ్ళీ మూసుకుంటాయి.

మీవారి విషయానికొస్తే, ఇప్పుడు చేయాల్సింది: ఎండోస్కోపీ చేసే ఈఎన్‌టీ డాక్టరు దగ్గర ఒకసారి చూపించడం, షుగర్ పరీక్ష, తలనొప్పి పట్టీ, మూడు నెలలు కడగడం, స్ప్రే. తర్వాత సీటీ. ఈలోగా జలుబు చేస్తే షాపులో అజిత్రోమైసిన్ కొననివ్వకండి, రోజులు లెక్కపెట్టండి. యార్డులో టిక్కీలు (మిర్చి బస్తాలు) విప్పేటప్పుడు, కాయ తిరగేసేటప్పుడు రుమాలు కట్టుకుంటే మిర్చి దుమ్ము ఆగదు. ఎన్-95 మాస్క్ ముక్కు మీద తీగ నొక్కి, అంచుల్లోంచి గాలి దూరకుండా పెట్టుకోవాలి, చెమటకి తడిస్తే మార్చాలి.